దాది కట్టిన పూసల పట్టీ

"కత్తెర వద్దు! ముట్టుకోవద్దు!"

గోరి అరిచిన అరుపుకు భద్రాచలం ఆసుపత్రిలో పిల్లల వార్డు మొత్తం ఇటు తిరిగింది. నర్సు సునంద చేతిలోని కత్తెర గాల్లోనే ఆగిపోయింది.

తొమ్మిదేళ్ల పిల్ల. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. అయినా సరే, మెడకున్న పూసల పట్టీని రెండు చేతులతో అదిమి పట్టుకుని మంచం మూలకు జరిగి కూర్చుంది. ఎర్ర పూసలు, తెల్ల పూసలు, మధ్యమధ్య గవ్వలు కుట్టిన వెడల్పాటి పట్టీ అది. గొంతు మధ్యలో ఉబ్బిన గడ్డ దాని కింది అంచు దాటి ఎర్రగా బయటికి కనిపిస్తోంది.

"ఒక్క నిమిషం పని తల్లీ," అంది సునంద. "నొప్పి పుట్టదు. దారం కత్తిరిస్తే అయిపాయె."

"దాది వచ్చి విప్పాలె. ఇంకెవ్వలు విప్పొద్దు."

"దాది ఏడున్నది మరి?"

గోరి తల్లి వైపు చూసింది. ఆ చూపుకు సోని తల దించుకుంది.

దాది అంటే నాయనమ్మ, సోని మొగుడు బలరాం తల్లి హేమ్లి. మొన్న పొద్దున మూట కట్టుకుని తమ్ముడి తండాకు వెళ్లిపోయింది. పాల్వంచలోని కిరాయి ఇంటి వాకిట్లో అత్తాకోడళ్లకు జరిగిన రభస వాడకట్టంతా విన్నది. పిల్ల గొంతు నొప్పని మూలుగుతోంది, భద్రాచలం తీసుకుపోయి డాక్టరుకు చూపిద్దామని సోని అంది. అక్కడికి పోతే కోత పెడతారు, వద్దని హేమ్లి అంది. మాట మీద మాట పెరిగింది. చివరికి సోని నోటి నుంచి రాకూడని మాట వచ్చేసింది.

"నీ పూసలే నా పిల్లను గిట్ల చేసినయి. నువ్వే చేసినవ్!"

హేమ్లి మారు మాట్లాడలేదు. వింత అంతా అక్కడే ఉంది. బస్సు కండక్టరుతో వాదించి కోళ్ల గంపకు టికెట్టు లేకుండా చేసుకోగల మనిషి, ఆ మాటకు మాత్రం నోరు మూసుకుని లోపలికి పోయి మూట కట్టుకుంది.

పెళ్లై వచ్చిన నాటి నుంచి సోని అత్త మీద గెలిచిన పోట్లాట అదొక్కటే. గెలిచినప్పటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

"గోరీ, నా బంగారం గదా," అంటూ ఇప్పుడు సోని మంచం మీద కూర్చుంది. "దాది వచ్చేదాక ఆగితే నొప్పి పెద్దగైతది. నేను విప్పుతా. నేను మీ అమ్మనే గదా?"

"నువ్వు విప్పితే దాదికి ఏమన్న అయితది."

"ఏమైతది?"

"సీత్ల తల్లికి మొక్కుకున్నది. గడ్డ కరిగిపోతే పండుగనాడు నా చేతితోనే విప్పుతా తల్లీ అన్నది. వేరేటోళ్లు విప్పితే మొక్కు చెడిపోతది. మొక్కు చెడిపోతే తల్లి దాదిని తీస్కపోతది." గోరి పట్టీని ఇంకా గట్టిగా అదిమింది. "నాకు నొస్తే నొయ్యనియ్."

సోనికి కోపం రావాలి. రాలేదు. ఏడుపు వచ్చింది. పొద్దున్నే బట్టల దుకాణానికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే ఉద్యోగం ఆమెది. పిల్లకు స్నానం చేయించేది అత్త, జడలు వేసేది అత్త, పట్టీ బిగుతైతే విప్పి ఇంకో వరుస పూసలు కలిపేది అత్త. ఏటికేడు పట్టీ వెడల్పు పెరుగుతుంటే పనితనం పెరుగుతోందని అందరూ మెచ్చుకున్నారు. దుకాణంలో తోటి ఆడవాళ్లు తమ పిల్లలకూ అట్లాంటిది కుట్టించి పెట్టమని అడిగారు కూడా. దాని కింద గడ్డ పెరుగుతోందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. కన్నబిడ్డ మెడను ఖాళీగా చూసి ఎన్నాళ్లయిందో సోనికి గుర్తు లేదు. 

బలరాం వచ్చేసరికి తల్లీకూతుళ్లు ఇద్దరూ ఏడుస్తున్నారు. థర్మల్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు దిగి, డ్యూటీ కార్డు మెడలోంచి తియ్యకుండానే బండెక్కి వచ్చాడు. వెనకాలే తండ్రి పూల్‌సింగ్, భుజాన తువ్వాలుతో.

"ఏమైంది?" అన్నాడు బలరాం.

"ఏమైతది? మీ యాడి ముడేసిపోయింది. మీ యాడే వచ్చి విప్పాల్నట." యాడి అంటే తండా మాటలో అమ్మ.

"నువ్వు ఆమెను పొమ్మన్నప్పుడు తెల్వదా?"

"నేను పొమ్మన్నానా? ఒక్క మాట అన్న. నువ్వు విన్నవా నేను పొమ్మన్నది?"

"పొమ్మంటెనే పోతరా మనుషులు?"

"అయితే నువ్వే ఆపకపోయినవ్! గుమ్మంల నిలబడి ఫోన్ చూస్తుంటివి గదా!"

పక్క మంచం ఆమె తన పిల్లాడికి పాలు పట్టడం ఆపి మరీ వింటోంది. పూల్‌సింగ్ తువ్వాలుతో కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడవాల్సిన అవసరమేమీ లేదు. కొడుకూ కోడలూ గొంతు పెంచినప్పుడల్లా ఆయన ఏదో ఒకటి తుడుస్తాడు.

అప్పుడే డాక్టరు రాజ్యశ్రీ వచ్చింది. మంచం మీద పిల్లను, నర్సు చేతిలో కత్తెరను, మొగుడూ పెళ్లాల మొహాలను చూసి సంగతి సగం గ్రహించింది.

"గోరీ, నీ పట్టీ మస్తుగున్నది. ఎవరు కుట్టిన్రు?"

"దాది."

"దాది వస్తే విప్పనిస్తవా?"

గోరి తల ఊపింది.

రాజ్యశ్రీ బలరాంను పక్కకు పిలిచింది. "ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలుపెడుతున్న. కానీ మెడ మీద స్కానింగ్ చెయ్యాలె, పట్టీ ఉంటే కాదు. గుంజి విప్పితే పిల్ల బెదిరి మెడ బిగబడుతది. గడ్డల చీము చేరింది. పగిలిందంటే మళ్ల మళ్ల కారుతది, తర్వాత ఆపరేషన్ కూడ కష్టమైతది. సాయంత్రం దాక చూస్త. మీ అమ్మగారిని తీస్కరండి."

"ఆపరేషన్ అంటే... నిన్న మీరు చెప్పిన్రు గదా మేడం, ఎముక..."

"అవ్. చీము తగ్గినంక, కొన్ని వారాలాగి. గొంతు మధ్యల ఉండే చిన్న ఎముకల నుంచి కొంత ముక్క కూడ తియ్యాలె."

ఆమె వెళ్లిపోయాక బలరాం సోని వైపు తిరిగాడు. "యాడి సరే అనకుండ నేను సంతకం పెట్ట."

"నీ బిడ్డ గొంతు అది. మీ యాడిది కాదు."

"పెంచింది యాడి."

   అన్న మరుక్షణమే బలరాంకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ అప్పటికే సోని గోడ వైపు తిరిగింది.

*

గోదావరి బ్రిడ్జి దాటి, పాల్వంచ దాటి, తండ్రీకొడుకుల బండి టేకు చెట్ల మధ్య మట్టి రోడ్డు పట్టింది. వానలకు రోడ్డంతా గుంతలు. గుంత వచ్చినప్పుడల్లా పూల్‌సింగ్ కొడుకు భుజం పట్టుకుని, దాటగానే వదిలేస్తున్నాడు.

హేమ్లి తమ్ముడు రామ్‌సింగ్ ఇల్లు తండా చివర, పత్తి చేనును ఆనుకుని ఉంటుంది. వాకిట్లో అతని ఆటో ఆగి ఉంది. హేమ్లి చూరు కింద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒళ్లో చాటలో ఎర్ర పూసలు, తెల్ల పూసలు. ఆమె మెడ నిండా ఎప్పటిలాగే పట్టీలు, వాటి మీద రూపాయి బిళ్లల దండ, దాని మీద ఇంకో పట్టీ. గడ్డం కింద నుంచి ఎద దాకా చర్మం అన్నది కనిపించదు. బలరాం పుట్టిన నాటి నుంచి తల్లిని అట్లాగే చూస్తున్నాడు. తండాలో ఆ వయసు ఆడవాళ్లు మామూలు చీరల్లోకి మారిపోయినా, ఆమె మాత్రం మెడ పూసలు వదలలేదు.

"వచ్చిన్రా తండ్రీ కొడుకులు," అంది తలెత్తకుండా. "నీ పెండ్లాం పంపిందా?"

"గోరి పిలుస్తుంది యాడీ."

సూది ఆగింది.

"జ్వరం కాలిపోతుంది. పట్టీ విప్పనిస్తలేదు. నువ్వే రావాల్నట. డాక్టరు సాయంత్రం దాక చూస్తనన్నది."

"గడ్డ ఎట్లున్నది?"

"ఎర్రగైంది. చీము పట్టిందట."

హేమ్లి చాట పక్కకు పెట్టింది. తొందరలో పూసలు కొన్ని నేల మీదికి దొర్లాయి. "వెడల్పు పట్టీ కుడుతున్న," అంది, ఎవరో అడిగినట్టు. "ఆ చిన్నది చాలుతలేదు. బడిలో పిల్లలు చూసి నవ్వుతరు."

"నవ్వితే నవ్వనియ్ యాడీ! పట్టీ కాదు ఇప్పుడు కావాల్సింది. ఆపరేషన్ చెయ్యాలె."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"కోస్తే పోదది. ఇంకింత పెద్దగైతది. పిల్ల బతుకంతా ఏడుస్తది."

"నీకెట్ల తెలుసు? డాక్టరు పోతదంటుంది, నువ్వు పోదంటున్నవ్. నువ్వేమన్న చదివినవా?"

"నాకు తెల్సు."

"ఏం తెల్సు? చెప్పు! ఇంట్ల ఏమన్న తెలిస్తే చెప్పాలె గదా! సోని చెడ్డదయింది, నేను అటు ఇటు కాకుండ పోయిన. ఏం తెల్సో చెప్పు!"

రామ్‌సింగ్ ఆటో దగ్గర నుంచి వచ్చి అక్క ముందు నిలబడ్డాడు. "అక్కా," అన్నాడు నెమ్మదిగా. "చెప్పరాదే. పిల్ల కన్న ఎక్కువనా?"

"నువ్వు నోర్ముయ్."

రామ్‌సింగ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్క ముందు అతను ఇంకా చిన్న తమ్ముడే. బలరాం మామ మొహంలోకీ, తల్లి మొహంలోకీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరి మధ్యా తనకు తెలియనిదేదో ఉందని మాత్రం అర్థమైంది.

అంతసేపూ పూల్‌సింగ్ నేల మీద దొర్లిన పూసలు ఏరుతున్నాడు. ఏరినవన్నీ చాటలో పోసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు.

"లే హేమ్లీ. పోదాం. పిల్ల ఏడుస్తుంది."

కొడుకు చెప్పిన వంద మాటలకు కదలని మనిషి ఆ మూడు మాటలకు లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టింది.

"విప్పుతా," అంది కొడుకుతో, వేలు చూపిస్తూ. "విప్పుడు వరకే. కోతకు మాత్రం నేను ఒప్పుకోను. రామ్‌సింగ్, బండి తీయ్."

*

వార్డు తలుపు దగ్గర అత్తాకోడళ్లు ఎదురుపడ్డారు. సోని పక్కకు జరిగి దారి ఇచ్చింది. హేమ్లి ఆమె పక్క నుంచే పోయింది, గోడ పక్క నుంచి పోయినట్టు. ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా మొన్నటి మాట మళ్లీ మొదలయ్యేది. ఇద్దరికీ ఆ భయం ఉంది.

"దాదీ!"

"వచ్చిన నా తల్లీ. వచ్చిన గదా. ఏడువకు, ముక్కు చూడు ఎట్లైందో." హేమ్లి కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది. తర్వాత కళ్లు మూసుకుని పెదవుల్లోనే ఏదో చెప్పుకుంది. సీత్ల తల్లితో బేరమాడుతోందని పూల్‌సింగ్‌కు తెలుసు. ఆమె దేవతలతో కూడా కండక్టరుతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

"ఏమన్నది తల్లి?" అని అడిగింది గోరి.

"విప్పుమన్నది. పిల్ల కన్న పండుగ ఎక్కువనా అన్నది."

ముడులు గట్టివి. హేమ్లి పళ్లతో కొరికి, గోళ్లతో లాగి ఒక్కొక్కటే విప్పింది. గోరి ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. పట్టీ ఊడి చేతిలోకి వచ్చింది. గొంతు నడిమధ్య గడ్డ ఎర్రగా, నున్నగా, సాగిన తోలుతో మెరుస్తోంది.

సోని "అయ్యో" అంది. హేమ్లి పట్టీని గుప్పిట్లో నలుపుతూ నిలబడింది.

స్కానింగ్ అయ్యాక రాజ్యశ్రీ మంచం అంచున కూర్చుంది. "గోరీ, నాలుక బయట పెట్టు. ఇంకా. ఇంకా పెద్దగ. నాకు వెక్కిరింపు కావాలె."

గోరి నాలుక చాపింది. గడ్డ కొంచెం పైకి జరిగింది. నాలుక లోపలికి పోగానే కిందికి దిగింది.

"చూసిన్రా? నాలుకకు, దీనికి లోపల దారి ఉన్నది. కడుపులో పిల్ల తయారైతున్నప్పుడు గొంతులో ఉండే ఒక గ్రంథి నాలుక మొదట్ల పుట్టి, మెడలోకి దిగుతది. దిగినంక ఆ దారి మూసుకపోవాలె. కొంతమంది పిల్లలకు మూసుకపోదు. సన్న గొట్టం లెక్క మిగుల్తది, దాంట్ల నీరు చేరి గడ్డైతది. జలుబు చేసిందంటే చీము పడ్తది. గోరికి గదే అయింది."

"అంటే పుట్టుకతోనే వచ్చిందా మేడం?" అంది సోని.

"పుట్టుకతోనే."

"పూసల తోటి కాదు?"

"పూసలతోటి గడ్డలెందుకొస్తయి? కాకపోతే పట్టీ కింద ఉన్నదని మీరు లేట్‌గ చూసిన్రు. అంతే."

సోని అత్త వైపు చూడలేకపోయింది. ఎదురుగా ఉన్న కిటికీ చువ్వల్ని చూస్తూ ఉండిపోయింది.

"ఇంకో మంచి మాట. గ్రంథి తన జాగాల తను ఉన్నది. అది లేకపోతే ఈ గడ్డనే ఆ గ్రంథి కావచ్చు, ముట్టుకునేముందు బాగ ఆలోచించాల్సి వస్తుండె. ఇప్పుడు ఆ భయం లేదు. జ్వరం తగ్గని, చీము ఆరని, తర్వాత ఆపరేషన్ చేద్దాం."

"బిడ్డా." హేమ్లి మొదటిసారి డాక్టరుతో మాట్లాడింది. "ఎముక ముట్టుకోకుండ గడ్డ ఒక్కటే కోస్తే?"

"మళ్ల వస్తది అమ్మా. దారి ఆ ఎముక నడుమ నుంచే పోతది. గడ్డ తీసి దారి విడిచిపెడితే, వేరు ఉంచి మొక్క కోసినట్టు."

"మళ్ల వచ్చి?"

"చిల్లు పడ్తది. చెమ్మ కారుతది. మానినట్టే ఉంటది, మళ్ల పగుల్తది."

"ఎన్నాళ్లు?"

"దారి తియ్యనంత కాలం."

 హేమ్లి చూపు మనవరాలి గొంతు మీదే ఉంది.  బలరాం ఏదో అనబోయాడు కానీ పూల్‌సింగ్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

తర్వాత ఆమె చేతులు వెనక్కి పోయాయి, తన మెడ వెనక్కి. రూపాయి బిళ్లల దండ ముందు ఊడింది. దాని కింది పట్టీ ఊడింది. దాని కిందిదీ ఊడింది. చివరగా, పట్టీల అడుగున మడతలు పెట్టి చుట్టుకున్న తెల్ల గుడ్డ పేలిక ఒకటి బయటపడింది. దాన్నీ తీసింది.

గొంతు నడిమధ్య, గోరికి గడ్డ ఉన్న చోటే, వంకరగా కుట్టు తిరిగిన పాత మచ్చ. దాని మధ్యలో చిన్న చిల్లు. చిల్లు చుట్టూ తడి.

"చిన్నప్పుడు, మన గోరి అంత ఉన్నప్పుడు," అంది హేమ్లి ఎటో చూస్తూ. "ఊరూరు తిరిగేటోడు ఒకడు వచ్చిండు. పోగొడ్త అన్నడు. కోసిండు. వానలు పడేసరికి మళ్ల వచ్చింది, పగిలింది. ఇగ ఆగలే. మా యాడి పూసలు కట్టింది. మెడ ఎవ్వలకు చూపకు అన్నది. చూపలే."

 చిన్నప్పుడు ఆ పూసల్ని పట్టుకుని లాగితే తల్లి ఎందుకు చెయ్యి మీద కొట్టేదో బలరాంకు ఇప్పుడు తెలిసింది.

సోనికి ఇంకోటి గుర్తొచ్చింది. ఇంటి వెనక కంచె మీద తెల్లారకముందే ఆరేసి ఉండే తెల్ల పేలికలు. "ఈ ముసలామె దేనికి గుడ్డలన్నీ చింపుతది" అని పక్కింటామెతో నవ్విన నవ్వు. ఆమె ముందుకు వచ్చి, అత్త చేతిలోని పేలిక తీసుకుంది. తన కొత్త చీర కొంగుతో ఆ తడిని మెల్లగా, పసిపిల్లకు మూతి తుడిచినట్టు తుడిచింది.

"నొస్తుందా అత్తా?"

"లేదు. అలవాటైంది."

"నాకెందుకు చెప్పలె? నేను ఉతుకుతుంటి గదా ఆ గుడ్డలు."

హేమ్లికి ఎన్నడూ లేనిది మాట తడబడింది. "నువ్వు... నువ్వు దుకాణం నుంచి అలసిపోయి వస్తవ్."

"మొన్న నేనన్న మాట..."

"అన్నవ్. నేను విన్న. అయిపోయింది. కొంగు ఖరాబైతది, తియ్."

సోని కొంగు తియ్యలేదు.

హేమ్లి మొగుడి వైపు తిరిగింది. అన్నిటికన్నా ఆ మొహం చూడటానికే ఆమె భయపడింది. పూల్‌సింగ్ కళ్లజోడు తుడుచుకోవడం లేదు. మామూలుగా నిలబడి ఉన్నాడు.

"నీకు ఏమీ అనిపించలేదా?" అంది.

"నాకు ఎరికే."

"ఏం ఎరికె?"

"పెండ్లైన కొత్తలనే ఎరికె. నిద్రలో పట్టీ జరిగింది. మళ్ల నేనే సర్దిన."

"ఎరికైతే ఎందుకు అడగలె ఇన్నేండ్లు?"

"నువ్వు దాచుకున్నది నేనెందుకు గుంజుకోవాలె? చెప్పబుద్ధైనప్పుడు చెప్తవు అనుకున్న." కొంచెం ఆగి, "మస్తు లేట్ చేసినవ్," అన్నాడు.

హేమ్లి ఏడ్చింది. కోపంతో ఏడ్చిందో, మరెందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఏడుస్తూనే మొగుడి భుజం మీద తువ్వాలు గుంజుకుని మొహం తుడుచుకుంది.

గోరికి ఈ ఏడుపులు నచ్చలేదు. ఆమె చూపంతా దాది గొంతు మీదే ఉంది. భయం కాదు, ఆశ్చర్యం. బడిలో ఎవరికీ లేనిది తనకూ దాదికీ ఉంది.

"దాదీ, నాలుక బయట పెట్టు."

"ఛీ, ఏందది?"

"పెట్టు! నాది జరిగింది గదా. నీది జరుగుతదా చూస్త."

అంత పెద్ద మనిషి, మనవరాలి ముందు, డాక్టరు ముందు, కోడలి ముందు, నాలుక బారెడు చాపింది. మచ్చ మధ్యలోని చిల్లు లోపలికి గుంజుకుని పైకి పోయింది. గోరి కిలకిలా నవ్వబోయి, నొప్పికి గొంతు పట్టుకుని, మళ్లీ నవ్వింది. పక్క మంచం ఆమె కూడా నవ్వింది. సునందా నవ్వింది. వచ్చిన కాడి నుంచి ఆ మంచం దగ్గర నవ్వు వినిపించడం అదే మొదలు.

"సేమ్ టు సేమ్!" అంది గోరి. "అయితే దాదీ, నువ్వు ఆపరేషన్ చేయించుకుంటెనే నేను చేయించుకుంట."

"నాకెందుకే ఇప్పుడు? ముసల్దాన్ని."

"అయితే నాకు వద్దు."

హేమ్లి అందరి మొహాలూ చూసింది. చివరికి కొడుకు దగ్గర ఆగింది. "బలరాం, సంతకం పెట్టు. ఎముక ముక్క కూడ తియ్యమను. వేరు ఉంచొద్దు." తర్వాత గోరి చెయ్యి అందుకుంది. "సరే. నీ వెనకాల నేను కూడ పడుకుంట. సరేనా?"

"ఒట్టు?"

"సీత్ల తల్లి మీద ఒట్టు."

"మరి నన్ను చూడనియ్యండి ముందు," అంటూ రాజ్యశ్రీ నవ్వుతూ లేచింది. చేతులకు తొడుగులు వేసుకుని హేమ్లి గొంతు మీద వేళ్లు ఆనించింది. మచ్చ చుట్టూ తడిమింది. నాలుక చాపమంది, మింగమంది. వేళ్లు మచ్చ దాటి మెడ పక్కకు జరిగాయి, చెవి కిందికి, దవడ కిందికి. అక్కడ ఒకచోట ఆగిపోయాయి. కొంచెం వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగాయి.

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. "అమ్మా, ఈ పక్కన ఇంకో గడ్డ గట్టిగ తగులుతున్నది... ఇది ఎప్పటి నుంచి..."

హేమ్లి ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. కానీ రాజ్యశ్రీ మాట అక్కడే ఆగింది.

వెనక సోని మందుల చీటీ గురించి బలరాంను అడుగుతోంది. పూల్‌సింగ్ మంచం మీద పడిన పూసల దండలు ఒక్కొక్కటే ఏరి తువ్వాలులో మూట కడుతున్నాడు. గోరి మాత్రం దాది మొహాన్నే చూస్తూ, ఒట్టు గుర్తుందా అన్నట్టు కళ్లెగరేసింది.

హేమ్లి మనవరాలి వైపు చూసి నవ్వింది. అదే నవ్వు మొహం మీద ఉంచుకుని, డాక్టరుకు ఒక్కదానికే వినిపించేలా అంది:

"ముందు పిల్లది చెయ్యి బిడ్డా. అది లేచి నడిచేదాక నాది నువ్వు చూడలేదనుకో."